చెట్టు కింద నీళ్లు: నేలపట్టు నుంచి తేలుకుంచి దాకా

గురువారం, నేలపట్టు

నెల్లూరుకు దక్షిణాన దొరవారిసత్రం దగ్గర హైవే దిగి, నేలపట్టు పక్షుల చెరువుకు ఆటో మాట్లాడుకున్నాను. పోను, రాను, అక్కడ ఆగేదానికి కలిపి ఐదు వందలు. డ్రైవరు పాతికేళ్ల కుర్రాడు. "చెరువు నిండుండాది సార్, ఈ యేడు బాగా దిగినాయి" అన్నాడు. ఏవి దిగాయో చెప్పలేదు. ఆ దారిలో వేరే దేని గురించీ ఎవరూ అడగరు కాబోలు.

కట్ట ఎక్కగానే ముందు తగిలేది వాసన. రెట్ట, చేపలు, నానిన ఆకులు కలిసిన ఘాటు. ఆ తర్వాత గోల. పెద్ద గూడబాతులు (పెలికన్లు) గూళ్ల దగ్గర పెద్దగా నోరెత్తవు, అరుపంతా పిల్లలదే. నడుము లోతు నీళ్లలో కడప చెట్లు నిలబడి ఉన్నాయి. కొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. ఒక్కో చెట్టు మీద అంతస్తులుగా గూళ్లు. పైన గూడబాతులు, పక్క కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, కింద పొదల్లో నీటికాకులు, తెల్లకంకణాలు. నెలల తరబడి వేళ్లు నీళ్లలో ఉన్నా కడప చెట్టు చావదు. నేలపట్టు ఇంతకాలం నిలిచిందంటే సగం గొప్పతనం ఈ చెట్టుదే. 1976లో దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఊరివాళ్లకు మాత్రం ఈ పక్షులతో అనుబంధం అంతకంటే చాలా పాతది. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారిన పొలానికి ఎరువు తక్కువ పట్టినా సరిపోతుందని ఇక్కడి రైతులు ఎప్పటినుంచో నమ్ముతారు.

అక్కడ కాపలా ఉండే పెద్దాయన తూము దగ్గర కూర్చుని ఉన్నాడు. పలకరించి, ఈ ఏడు వాన ఎంత పడిందని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వానెంతని అడగబాకండి సార్. ఎప్పుడు పడింది, చెట్టు కింద ఎన్నాళ్లు నిలబడింది, అది అడగండి."

ప్రయాణం మొత్తంలో నేను విన్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. లెక్క వేసి చూడండి. ఈ ప్రాంతానికి అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు రెండో సగంలో, స్వాతి కార్తె అటూ ఇటూగా మొదలై డిసెంబరు దాకా పడుతుంది. చెరువు నిండడం చూశాకే గూడబాతులు గూళ్లు మొదలుపెడతాయి. రెండు మూడు గుడ్లు పెడతాయి. వాటిని పాదాల కింద పెట్టుకుని పొదగడానికి నెల రోజులు. పుట్టిన పిల్లకు ఈక ముక్క కూడా ఉండదు. అది రెక్కలొచ్చి ఎగరడానికి ఇంకో మూడు, నాలుగు నెలలు. అంటే నవంబరులో గూడు కట్టిన జంటకు మార్చి దాటేదాకా చెట్టు కింద నీళ్లుండాలి. నీళ్లుంటే నక్కలు, అడవి పిల్లులు, కుక్కలు చెట్టు దాకా రావు. చుట్టుపక్కల చెరువుల్లో చేప కూడా దొరుకుతుంది. సెప్టెంబరులోనే ఎడాపెడా కురిసి నవంబరు పొడిగా పోయిన సంవత్సరం, ఏడాది మొత్తం మీద వాన సగటు బాగానే కనిపిస్తుంది. కానీ ఫిబ్రవరికల్లా చెట్ల కింద బురద తేలుతుంది. అప్పటికి పిల్లలు సగం పెరిగి ఉంటాయి. ఎగరలేవు, దాక్కోలేవు.

పెద్దాయన ఒక గూడు చూపించాడు. అందులో మూడు పిల్లలు, మూడు సైజుల్లో. మొదటి గుడ్డు పెట్టిన రోజు నుంచే పొదగడం మొదలవుతుంది కాబట్టి పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. చేప సమృద్ధిగా ఉన్న ఏడు మూడూ బతుకుతాయి. తక్కువైన ఏడు పెద్దది మొత్తం లాక్కుంటుంది, చిన్నది చిక్కిపోయి చచ్చిపోతుంది. చూడటానికి గుండె తరుక్కుపోయే పద్ధతే. కానీ రాబోయే నాలుగు నెలల వాతావరణం ముందుగా తెలియని తల్లికి ఇంతకంటే వేరే దారి లేదు. మంచి ఏడైతే మూడు, చెడ్డ ఏడైతే కనీసం ఒకటి.

2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను గురించి అడిగాను. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు అది చెన్నై నుంచి నెల్లూరు దాకా తీరం వెంబడే నడుస్తూ కుండపోతగా కురిసింది. ఆ రాత్రులు గాలికి గూళ్లు ఊడి నీళ్లలో పడ్డాయని చెప్పాడు. ఎన్ని పడ్డాయో చెప్పలేదు, నేనూ రెట్టించలేదు. తడిసిన పిల్లకు గాలి తగిలితే ప్రాణం నిలవదట. తల్లి రెక్కల కింద పెట్టుకున్నా రెండు రాత్రులు ఆగని వానకు అది సరిపోదు. "కానీ సార్, ఆ నీళ్లే కలుజు పారించినాయి. గుడ్లు పోయినవి మళ్లీ పెట్టుకున్నాయి. వేసవి దాకా తడి ఆరలా" అన్నాడు. కలుజంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. ఒకే తుఫాను గూళ్లు కూల్చింది, మళ్లీ కట్టుకున్న గూళ్లకు నీళ్లూ ఇచ్చింది. డిసెంబరు మొదట్లో రావడం వల్ల సరిపోయింది. అదే జనవరి చివర్లో వచ్చి ఉంటే మళ్లీ మొదలుపెట్టడానికి ఋతువు మిగిలేది కాదు.

మధ్యాహ్నం సూళ్లూరుపేటలో ఒక మెస్‌లో తిన్నాను. భోజనం, చేపల పులుసు కలిపి నూట ఎనభై. పులుసు నిన్నటిది, అందుకే అంత బాగుంది. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు ఫ్లెమింగో ఫెస్టివల్ గురించి మాట్లాడుకుంటున్నారు. 2020 తర్వాత ఆగిపోయి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. జనం, ట్రాఫిక్, స్టేజీ ప్రోగ్రాములు అన్నీ చర్చకొచ్చాయి, పక్షులు తప్ప.

శుక్రవారం, పులికాట్

పొద్దున్నే కారం దోశ తిని శ్రీహరికోట రోడ్డు మీదికి వెళ్లాను. సరస్సు మధ్యలో వేసిన రోడ్డు అది. రెండు వైపులా నీళ్లు, ఎడమ వైపు దూరంగా గులాబీ రంగు గీతలా రాజహంసలు. ఇక్కడివాళ్లు ఫ్లెమింగోలను రాజహంసలనే అంటారు. అవి ఇక్కడ గూళ్లు పెట్టవు. తిండికే వస్తాయి. పిల్లల్ని కనేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో, ఉప్పు నేల మీద, మట్టి దిబ్బల గూళ్లలో. అక్కడ కూడా ఇదే కథ. రుతుపవనాల నీరు రణ్‌లో తగినంత లోతున నిలిస్తేనే గుంపులుగా గూళ్లు పెడతాయి. నీళ్లు తక్కువైతే ఆ ఏడు గూళ్లే ఉండవు, మరీ ఎక్కువైతే కట్టినవి మునిగిపోతాయి.

నాకు రాజహంసల కంటే, నీళ్ల మీద వరుస కట్టి చేపలు తోలుతున్న గూడబాతుల మీద ఆసక్తి. అవి నేలపట్టు నుంచి వచ్చినవే. అక్కడ అరుస్తున్న పిల్లలకు కూడు ఇక్కడినుంచి వెళుతుంది. కాబట్టి పులికాట్ ఎలా ఉంటే నేలపట్టు అలా ఉంటుంది.

మధ్యాహ్నం తడ వైపు భీములవారిపాలెం వెళ్లాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడితో చాలాసేపు కూర్చున్నాను. ఆయన మాటలో తమిళం, తెలుగు కలగాపులగంగా ఉంటాయి. నిదానంగా వింటే అంతా అర్థమవుతుంది. సముద్రం నుంచి సరస్సులోకి నీరొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోవడమే ఆయనకు అన్నిటికంటే పెద్ద బెంగ. వానాకాలంలో ఏరుల నీళ్లు వచ్చి ఉప్పు తగ్గాలి. సముద్రపు నోరు తెరుచుకుని చేప పిల్ల, రొయ్య పిల్ల లోపలికి రావాలి. రెండూ కుదిరిన ఏడు చేప. వాన తక్కువైన ఏడు నీళ్లు చిక్కని ఉప్పవుతాయి, వేసవికి ఉత్తర భాగం ఎండి మైదానమైపోతుంది. "మాకు చేప లేకుంటే వాటికీ లేదు" అన్నాడు, ఎదురుగా ఉన్న గూడబాతుల వైపు గడ్డం చూపిస్తూ. వాటి మీద కోపం లేదా, మీ చేపలు తింటాయిగా అని అడిగాను. అవి వచ్చిన చోట వల వేస్తే చేప ఉంటుందని నాకు తెలుస్తుంది కదా అన్నాడు.

టీ తాగుదామని లేచాం. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. వాళ్ల ఒడ్డుకు వచ్చిన మనిషి దగ్గర తీసుకోకూడదట.

శనివారం, ఉప్పలపాడు

గుంటూరు నుంచి ఆటోలో కొద్ది దూరం. ఊరి మధ్యలో చిన్న చెరువు, అందులో గుబురుగా చెట్లు, వాటి మీద చోటు లేకుండా పక్షులు. ఇళ్లకూ గూళ్లకూ మధ్య దూరం ఇంత తక్కువ ఉన్న చోటు నేను వేరే చూడలేదు. ఒక ఇంటి డాబా మీద వడియాలు ఎండుతున్నాయి, వాటికి ఎదురుగా చెట్టు మీద ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) పిల్లల్ని సాకుతోంది.

పన్నెండు గంటల ఎండలో కదలకుండా చూడాల్సిన దృశ్యం ఒకటి ఉంది. తల్లి కొంగ సూర్యుడికి వీపు పెట్టి రెక్కలు రెండూ సగం విప్పి నిలబడుతుంది. ఆ నీడలో పిల్లలు. ఎండ జరిగేకొద్దీ తల్లీ జరుగుతుంది. కాసేపటికి జంటలో రెండోది ముక్కుతో నీళ్లు తెచ్చి పిల్లల మీద, వాటి నోట్లో పోసింది. చిన్న పిల్లలకు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి ఉండదు. తల్లో తండ్రో ఒకరు ఎప్పుడూ గూడు మీద ఉండాల్సిందే. చెరువు పక్కనే ఉంటే నీళ్లు తేవడం నిమిషాల పని. నీళ్లు దూరమైతే, వేటకు పోవాల్సిన వేళ కాస్తా దీనికే పోతుంది. జనవరిలోనే ఇంత అవస్థ అయితే, ఆలస్యంగా గుడ్లు పెట్టి మార్చి, ఏప్రిల్ ఎండల్లో పిల్లల్ని సాకే జంటల పరిస్థితి ఊహించుకోవచ్చు. వాన ఆలస్యం కావడమంటే పిల్లలు ఎండల్లోకి నెట్టబడటమే.

ఈ కొంగల గురించి నాకు ఎంతో నచ్చే విషయం ఒకటి చెప్పాలి. ఢిల్లీ, భరత్‌పూర్ వైపు ఎర్రకాళ్ల కొంగలు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే గూళ్లు మొదలుపెడతాయి. దక్షిణాదిలో అదే కొంగ అక్టోబరు, నవంబరు దాకా ఆగుతుంది. పక్షి ఒకటే, క్యాలెండరు వేరు. అక్కడ నైరుతి వానలకు, ఇక్కడ చెరువులు నిండే కాలానికి సరిపెట్టుకుంది. ఈ సర్దుబాటు తరతరాలుగా జరిగింది. వానలు ఏడాదికో తీరుగా మారుతుంటే అంత త్వరగా సర్దుకోగలదా అన్నదే నా భయం.

సర్దుకోలేకపోతే ఏమవుతుందో యూరప్‌లో చూశారు. పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట చలికాలం పశ్చిమాఫ్రికాలో గడిపి వసంతంలో నెదర్లాండ్స్ అడవులకు వచ్చి గూడు పెడుతుంది. వాతావరణం వేడెక్కి అక్కడ గొంగళిపురుగులు ముందే పుట్టి ముందే అయిపోతున్నాయి. ఆఫ్రికాలో ఉన్న పిట్టకు ఆ సంగతి తెలిసే వీలు లేదు. పురుగులు మరీ ముందుగా వచ్చే అడవుల్లో ఆ పిట్టలు రెండు దశాబ్దాల్లో దాదాపు 90 శాతం తగ్గిపోయాయి. అక్కడ పురుగు, ఇక్కడ చేప. పిల్ల నోరు తెరిచిన వేళకు తిండి ఉండటమే రెండు చోట్లా కావాల్సింది.

సాయంత్రం బడ్డీ దగ్గర మిరపకాయ బజ్జీ, నలభైకి నాలుగు. కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. అమ్మే ఆవిడ అడక్కుండానే ఉల్లిపాయ ముక్కలు, ఇంకో గ్లాసు మంచినీళ్లు పెట్టింది.

ఆదివారం, ఆటపాక

కైకలూరు నుంచి ఆటపాక దగ్గరే. కానీ ముందు కొల్లేరు లోపలి ఊళ్లు చూద్దామని బైకు అద్దెకు తీసుకుని, ఫోన్ మ్యాప్ నమ్ముకుని బయల్దేరాను. అది ఒక చేపల చెరువు గట్టు మీదికి తీసుకెళ్లింది. రెండు కిలోమీటర్లు పోయాక గట్టు నీళ్లలోకి దిగిపోయింది. వెనక్కి తిప్పుకోవడానికి కూడా చోటు లేదు. మేత బస్తాలు మోసుకొస్తున్న ఒకాయన వచ్చి బైకు వెనక చక్రం ఎత్తి పట్టి తిప్పించాడు. "మ్యాపులో ఇది రోడ్డేనండి, నీళ్లకే తెలీదు" అన్నాడు. కొల్లేరు గురించి అంతకంటే బాగా చెప్పలేం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లతో వానాకాలం పెరిగి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి తగ్గిపోతూ ఉండే సరస్సు ఇది. దాని అంచు ఎప్పుడూ ఒక చోట ఉండదు. ఆ అంచునే గట్లుగా కోసి చెరువులు చేశాం. 2006లో చాలా గట్లు తవ్వి తీసేశారు, కొన్ని మళ్లీ లేచాయి.

పాత కొల్లేరు గూడబాతుల కథ తెలిసినవాళ్లు ఇప్పుడు తక్కువ. 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల పెద్ద గూళ్ల సముదాయం చూసి ప్రపంచానికి చెప్పారు. తాడిచెట్ల మీద, ఊరి చెట్ల మీద వేలాదిగా ఉండేవట. తర్వాతి దశాబ్దాల్లో అది పూర్తిగా ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఈ ప్రాంతంలో గూడబాతులకు ప్రధానమైన చోటు ఆటపాక చెరువు.

ఇక్కడ చెట్లు చాలక నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. మీద అడ్డంగా చట్రాలు, వాటి మీద పుల్లల గూళ్లు. పడవలో దగ్గరికి వెళ్లి చూస్తే ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత సంతోషం కలిగింది. పక్షి ఒప్పుకుంది! పడవ నడిపే ఆయనను అడిగాను, చెట్టుకూ దీనికీ తేడా ఏంటని.

"గాలండి. చెట్టయితే గాలికి కొమ్మ ఊగుద్ది, చుట్టూ ఆకు అడ్డం ఉంటది. ఇది ఊగదు, అడ్డమూ లేదు. గాలొస్తే పుల్లలు లేచిపోతాయండి."

ఎండకూ అడ్డం లేదు. చెట్టు మీదైతే పై కొమ్మ నీడ కొంతైనా పడుతుంది. స్టాండు మీద తల్లి రెక్కల నీడ ఒక్కటే. పెద్ద గూడబాతులు నోరు తెరిచి గొంతు సంచీని అల్లల్లాడిస్తూ ఒళ్లు చల్లబరుచుకుంటున్నాయి, పదకొండు గంటలకే. నాకైతే స్టాండ్ల చుట్టూ మళ్లీ నీటి చెట్లు పెంచాలనిపించింది. స్టాండు ఈ ఏటి అవసరం తీరుస్తుంది, చెట్టుకు పదిహేనేళ్లు పడుతుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి. మంచి విషయం ఏంటంటే ఇక్కడ చెరువు నీటిమట్టాన్ని మనుషులు చూసుకుంటారు. వాన వెనకబడ్డ ఏడు కూడా కింద నీళ్లుంటాయి. నేలపట్టులో ఫిబ్రవరి గండం ఇక్కడ అంత లేదు.

భోజనం కైకలూరులో. కొరమీను కూర, వేడి అన్నం, పెరుగు. రెండు వందల ఇరవై అయింది. వడ్డించేవాళ్లు "ఇంకాస్త వేసుకోండి" అంటూ విస్తరి ఖాళీ కానివ్వలేదు.

మంగళవారం, తేలినీలాపురం

టెక్కలి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో చింతచెట్ల మీద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. దగ్గరికి పోతే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. సెప్టెంబరులో వస్తాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. మేత నౌపడ వైపు బురద నేలల్లో.

ఊళ్లో ఎవరిని అడిగినా సైబీరియా నుంచి వచ్చాయంటారు. నిజానికి ఈ రెండూ మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరుగుతాయి. ఈ మాట ఊరివాళ్లకు చెప్పాను. ఒక ముసలావిడ అరుగు మీద చోడి అంబలి గ్లాసు నా చేతికిచ్చి, "ఎక్కడివైతే ఏటి బాబూ. పురిటికి మన ఇంటికొచ్చిన ఆడపిల్లలు. పంపించేదాకా మనదే పూచీ" అంది. ఎక్కడివన్న సంగతి నాకు ముఖ్యమే. పరాయి దేశం నుంచి వచ్చేవైతే ఇక్కడి చెరువులు ఎండినా వాటికి వేరే ఇల్లు ఉందనుకుంటాం. వీటికి వేరే ఇల్లు లేదు. కానీ ఆవిడ మాటకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. అంబలి పుల్లగా, చల్లగా, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో. డబ్బుల ప్రసక్తి తెస్తే కోప్పడింది.

తిత్లీ గురించి ఆవిడే ఎత్తింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తుఫాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. "సెట్లన్నీ పడిపోనాయి బాబూ. పక్షులు అప్పుడే వచ్చీసినాయి. ఏ సెట్టు మీద వాలాలో తెలీక తిరిగినాయి." నేలపట్టు కంటే ఇక్కడ గండం ముందుగా వస్తుంది. అక్టోబరులో తుఫానులు ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం మీద పడటం ఎక్కువ. 2013 అక్టోబరు 12న ఫైలిన్, సరిగ్గా ఏడాది తర్వాత అదే తేదీన హుద్‌హుద్. గూడు మొదలుపెట్టే వేళ అది. గుడ్లు ఇంకా పెట్టి ఉండవు కాబట్టి వాటి నష్టం తక్కువ. చెట్టే పోతే మాత్రం ఆ నష్టం ఒక్క ఏటితో తీరదు. గూళ్ల బరువు మోసే చింతచెట్టు కావాలంటే ఒక తరం ఆగాలి.

సాయంత్రం నౌపడ ఉప్పు కొఠార్ల దాకా నడిచాను. అక్కడి కూలీలకు అకాల వాన అంటే శాపం, ఎండితేనే ఉప్పు. కిలోమీటరు అవతల బురదలో మేస్తున్న కొంగలకు ఆ వానే కావాలి. ఇద్దరికీ ఒకే ఆకాశం, అడిగేవి మాత్రం ఎదురెదురు కోరికలు.

బుధవారం, తేలుకుంచి

ఇచ్ఛాపురం దాటాక తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. జనవరిలో తేలుకుంచి వస్తున్నానంటే ఆటో డ్రైవరు ఆశ్చర్యపోయాడు. పక్షులు లేవు కదా అన్నాడు. తెలుసు. ఖాళీ గూళ్లు చూడాలనే వచ్చాను.

తేలుకుంచికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. జూన్‌లో వచ్చి నవంబరుకు వెళ్లిపోతాయి. నేలపట్టులో మొన్న పిల్లలతో చూసిన జాతే, ఇక్కడ పూర్తిగా వేరే కాలంలో గూడు పెడుతుంది. కారణం పొలంలో ఉంది. నత్తగుల్ల వేసవంతా మూత బిగించుకుని మట్టిలో పడుకుంటుంది. తొలకరికి నేల తడిసి, మళ్లలో నీళ్లు నిలిస్తే బయటికొస్తుంది. ఈ కొంగ ముక్కు మధ్యలో సందు ఉండేది ఆ గుల్లను పట్టి లోపలి నత్తను లాగడానికేనంటారు. దుక్కి, నత్త, కొంగ మూడూ ఒకే వానతో కదులుతాయి. అందుకే కొంగలు దిగితే వాన వస్తుందని ఇక్కడి రైతులు నమ్ముతారు. ఊళ్లో ఎవరూ వాటి మీద చెయ్యి వేయరు, వేయనివ్వరు. గూడు నుంచి పిల్ల జారిపడితే తీసి పైకి చేర్చడానికి ప్రయత్నిస్తారు.

గ్రామంలో చింత, మర్రి చెట్ల మీద నల్లబడిన పుల్లల గూళ్లు మిగిలి ఉన్నాయి. చెట్టు కింద కూర్చున్న రైతు ఒకాయన 2023 గుర్తు చేశాడు. ఆ ఆగస్టు దేశంలో 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నిటికంటే పొడిగా పోయింది, పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కే ఎల్ నినో ఏడు. మడి బీటలిస్తే నత్త మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. అప్పటికి గూళ్లలో పిల్లలుంటాయి. "నీరు లేకపోతే గుల్ల లేదు, గుల్ల లేకపోతే కొంగ ఎంత తిరిగినా ఏటి తెస్తాది" అన్నాడాయన. తన చేను గురించి చెప్పేటప్పటి గొంతే అది.

ఇక్కడే నాకు నేలపట్టు పెద్దాయన మాట పూర్తిగా అర్థమైంది. ఎల్ నినో నైరుతి వానల్ని సాధారణంగా బలహీనపరుస్తుంది. ఈశాన్య వానలకు మాత్రం తరచుగా మేలు చేస్తుంది. 2015లో దేశమంతా నైరుతి వాన 14 శాతం లోటు. అదే ఏడు నవంబరులో నెల్లూరు, చెన్నై మునిగాయి. 2023లో ఆగస్టు ఎండింది, డిసెంబరులో మిచాంగ్ ముంచింది. తేలుకుంచి కొంగకు చెడ్డ ఏడు నేలపట్టు గూడబాతుకు మంచి ఏడు కావచ్చు. అలాంటప్పుడు ఒక్క చోటి గూళ్లు లెక్కపెట్టి రాష్ట్రంలో పక్షులు పెరిగాయనో, తగ్గాయనో చెప్పే వార్తలు చదివితే నాకు కోపం వస్తుంది. అన్ని చోట్లా, ఒకే పద్ధతిలో, ఏటేటా లెక్కపెట్టాలి. ఎన్ని గూళ్లన్నదే కాదు, ఎన్ని పిల్లలు ఎగిరాయన్నదీ రాయాలి. గూడు కట్టడం ఆశ మాత్రమే. పిల్ల ఎగిరితేనే ఫలితం.

ఊరి చివర పంచాయతీ వాళ్లు నాటిన మొక్కలు చూపించారు. మర్రి, రావి, చింత. కంచెలు ముళ్లకంపతో కట్టారు, రెండు మేకలు అప్పుడే ఒక కంప లాగేశాయి. రైతు లేచి వెళ్లి మేకల్ని అదిలించి కంప సరిచేశాడు. నేనూ ఒక చెయ్యి వేశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. తేలుకుంచికి ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్లండి, వాన ఆనుపానులు చూసుకుని. తేలినీలాపురం, ఆటపాక, ఉప్పలపాడు డిసెంబరు, జనవరిల్లో బాగుంటాయి. నేలపట్టుకు మాత్రం తేదీ ముందే అనుకోకండి. నవంబరు చివర్లో దొరవారిసత్రం వైపు ఎవరికైనా ఫోన్ చేసి చెరువు కలుజు పారిందా అని అడగండి. పారిందంటే జనవరి, ఫిబ్రవరిల్లో పిల్లలతో చూడొచ్చు. పారలేదంటే ఆ ఏడు గూళ్ల దగ్గరికి జనం ఎంత తక్కువ వెళితే అంత మంచిది. కంగారుపడి తల్లి లేచిపోతే ఎండలో ఆ పిల్లలు ఎక్కువసేపు తట్టుకోలేవు.